బరువెక్కిన సున్నం

1996 జూన్‌లో పటాన్‌చెరు దగ్గరి ఒక మందుల ముడిసరుకు కర్మాగారంలో నాకు సీనియర్ కెమిస్ట్‌గా ప్రమోషన్ వచ్చింది. దానివల్ల నా కుర్చీకి చేతులు వచ్చాయి, పని రెట్టింపయింది. అంతవరకు తయారైన సరుకును పరీక్షించడమే నా ఉద్యోగం. ఆ నెల నుంచి కర్మాగారం వెనకాల, బాయిలర్ పక్కన ఉన్న మురుగునీటి శుద్ధి విభాగం కూడా నా లెక్కలోకి వచ్చింది. ఆ వాసనకు అటువైపు ఎవరూ తిరిగేవారు కాదు. లాబ్‌లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషిని కనుక నేను ఎలాగూ కాదనలేనని అనుకుని ఉంటారు. కాదనలేదు గానీ, ముక్కుకు కొంగు కట్టుకుని అక్కడికి వెళ్ళిన రోజులు తక్కువేమీ కాదు.

అక్కడ జరిగే పని చెప్పాలి. మందుల తయారీలో చివరికి గంధకామ్లం కలిసిన పుల్లటి నీళ్ళు మిగులుతాయి. వాటిని అలాగే బయటికి వదలకూడదు. సున్నం కలిపి పులుపు విరగగొట్టి, టాంకర్‌లో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రంవాళ్ళు ప్రతి టాంకర్ నుంచి సీసాడు నీళ్ళు తీసి పి.హెచ్. చూస్తారు. పి.హెచ్. అంటే పులుపు కొలత. ఏడు మధ్యస్థం, అంతకన్నా ఎంత తగ్గితే అంత పులుపు. ఏడుకు దగ్గరగా లేకపోతే టాంకర్ వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. నీళ్ళు బయటికి పోకపోతే తొట్లు నిండుతాయి, తొట్లు నిండితే ప్లాంటు ఆగుతుంది.

సున్నం కలిపే ఆపరేటర్ పేరు మల్లయ్య. రుద్రారం మనిషి, నలభై దాటినవాడు. కర్మాగారానికి రాకముందు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు సున్నాలు వేసేవాడు. అతను చేరకముందు మాకు బస్తాల్లో సున్నపు పొడి వచ్చేది. ఆ ఏడు దాని బదులు బట్టీలో కాల్చిన సున్నపు గడ్డలు తెప్పించడం మొదలుపెట్టారు. గడ్డను తడిపి పొడి చేసుకోవడం చేతనైనవాడు కావాలని మల్లయ్యను తాత్కాలికంగా తీసుకున్నారు. పని బాగుంటే దసరాకు పర్మినెంట్ చేస్తామన్నారు. ఆ మాట అతను ఎప్పుడూ ఎత్తలేదు కానీ, దసరా ఎప్పుడొస్తుందో మా అందరికన్నా అతనికే బాగా తెలుసు.

జూన్, జూలై సాఫీగా గడిచాయి. వానలు ముదిరాక ఒక టాంకర్ తిరిగి వచ్చింది. రెండు రోజులకు ఇంకొకటి వచ్చింది. సున్నం ఎంత పోసినా కొలత అయిదు దాటి కొద్దిగా ఎక్కి, అక్కడే మొరాయించేది. నేను వెళ్ళి చూస్తే తొట్టి మీద నురగ పొంగుతోంది. మల్లయ్య మాత్రం ధీమాగా ఉన్నాడు.

"మంచి కాక మీదున్నది మేడం. సూడుండ్రి, ఎట్ల పొంగుతున్నదో."

నాకు ఆ పొంగే నచ్చలేదు. సున్నం పులుపును విరిచేటప్పుడు వేడి పుడుతుంది కానీ బుడగలు రావు. బుడగలు వస్తున్నాయంటే గోలీసోడాలో మాదిరి ఏదో వాయువు బయటపడుతోందన్నమాట. అతని కుప్ప నుంచి గుప్పెడు సున్నం లాబ్‌కు తెచ్చి ఒక చుక్క ఆమ్లం వేస్తే చుయ్యిమని పొంగింది. టైట్రేషన్ చేశాను. అంటే బలం తెలిసిన ఆమ్లాన్ని చుక్కచుక్కగా పోసి, ఎంత పోస్తే సున్నం బలం తీరిపోతుందో చూడటం. ఉండాల్సిన బలంలో సగం కూడా లేదు. "సున్నంలో అధికభాగం కాల్షియం కార్బనేట్, అనగా సుద్ద" అని రిపోర్టు రాసి ఫ్యాక్టరీ మేనేజర్‌కు పంపాను.

మేనేజర్ ప్రభాకరరావు గారు మెకానికల్ ఇంజనీరు. మా నాన్నగారిలాగే కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో చాలాకాలం పనిచేసి, తర్వాత ప్రైవేటుకు మారినవారు. నిజాయితీపరుడు, ముక్కుసూటి మనిషి. ఎదుటివాళ్ళ ముక్కు కూడా అదే సూటిలో ఉండాలనుకునేవారు. నా రిపోర్టు చూసి ఆయన మల్లయ్య కుప్పను తూకం వేయించారు. స్టోర్స్ ఇచ్చిన గడ్డల కన్నా కుప్ప చాలా ఎక్కువ తూగింది. తడి బరువు తీసేసినా ఎక్కువే. ఇంకేముంది, ఆయన లెక్క తేలిపోయింది. పటాన్‌చెరు బజారులో ముగ్గుపిండి చవగ్గా దొరుకుతుంది. అదీ సుద్దరాతి పొడే, అదీ ఆమ్లం పడితే పొంగుతుంది. మంచి సున్నం బయటికి అమ్ముకుని, ముగ్గుపిండి కలిపి కుప్ప పెంచాడన్నమాట.

సాయంత్రం షిఫ్టు మారేవేళ, గేటు దగ్గర అందరూ చూస్తుండగా మల్లయ్యను నిలబెట్టి సంచీ, టిఫిన్ డబ్బా విప్పించారు. ఏమీ దొరకలేదు. అయినా ప్రభాకరరావు గారు దొంగ అన్న మాట అననే అన్నారు. రేపటి నుంచి గేటు లోపలికి రావద్దన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని నాతో తర్వాత చెప్పారు. సున్నం పనివాడి భుజాలు ఎప్పుడు తెల్లగా లేవు గనక, తడుముకోకుండా ఉండటానికి!

నాకు ఒళ్ళు మండింది. కానీ మనిషి మంచివాడని చెబితే ఒప్పుకునే రకం కాదు ఆయన. పైగా ఆయన చేతిలో ఉన్నది నా రిపోర్టే. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

"నువ్వు రాసిందే కదమ్మా, నేను చదివింది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. చదును చేసిన సిమెంటు నేల మీద సున్నం పలచగా పరిచి ఉంది. పైన పెంకులా గట్టిపడింది. గుమ్మడికాయంత గడ్డలు కూడా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. ఒకదాన్ని తెచ్చి రెండుగా పగలగొట్టి, అంచు మీద ఒక చుక్క ఆమ్లం, నడిమధ్య ఒక చుక్క వేశాను. అంచు పొంగింది. మధ్య కిక్కురుమనలేదు. ముగ్గుపిండి కలిపి ఉంటే పొడిలో కలుస్తుంది కానీ, గడ్డకు తొక్కలాగా చుట్టూ ఎలా పట్టుకుంటుంది? సుద్ద బయటినుంచి లోపలికి పాకుతోంది. బయట ఉన్నది గాలి ఒక్కటే.

మధ్యాహ్నం మల్లయ్య గేటు ఎదురుగా టీ బండి దగ్గర ఉన్నాడని తెలిసి వెళ్ళాను. బస్సెక్కి వచ్చి, లోపలికి రానివ్వరని తెలిసీ అక్కడే కూర్చున్నాడట. సున్నం ఎలా తయారు చేస్తున్నావని అడిగాను. మొదట్లో గడ్డలు అప్పటికప్పుడు తడిపి వేసేవాడట. కుతకుత ఉడికి ఒకసారి చిమ్మితే తోటి పనివాడి చెయ్యి కాలింది. అప్పుడు అతనికి తన పాత పని గుర్తొచ్చింది. గోడలకు వేసే సున్నాన్ని ముందే తడిపి రోజుల తరబడి నానబెడతారు, ఎంత నానితే అంత మెత్తన, అంత మేలు. ఊళ్ళో అయితే గుంతలో, పైన నీళ్ళు నిలిచేట్టు నానబెట్టేవారు. ఇక్కడ గుంత లేదు. గుంత కావాలని అడిగితే మెయింటెనెన్స్‌వాళ్ళు నేల మీదే కానిమ్మన్నారట. అందుకని నేల మీద పరిచి, రోజూ నీళ్ళు చల్లి, పారతో తిరగేసి, రెండు మూడు వారాలు మాగనిచ్చి వాడుతున్నాడు. అక్కడికి పది అడుగుల్లో బాయిలర్ పొగ.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పని నిర్లక్ష్యంగా చేసినవాడైతే ఈ తప్పు చేసి ఉండేవాడే కాదు.

"దొంగ అన్నంక నన్నింక ఏ గేటు లోపటికి రానిస్తది మేడం? ఇస్నాపూర్ దాంక చెప్పుకుంటున్నరు" అన్నాడు. అది నిజం. ఆ రోజుల్లో మా పారిశ్రామికవాడలో ఒక గేటు దగ్గర అన్న మాట షిఫ్టు బస్సులెక్కి మిగతా గేట్లన్నిటికీ చేరేది. పర్మినెంట్ ఉద్యోగం సంగతి అటుంచి, అతనికి కూలిపని దొరకడమే కష్టమయ్యేది.

టీ బండివాడి దగ్గర గ్లాసు అడిగి తీసుకుని, లాబ్ నుంచి వెంట తెచ్చుకున్న తేట సున్నపు నీళ్ళు పోసి, గొట్టం ఇచ్చి ఊదమన్నాను. అతను ఊదాడు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. మన ఊపిరిలోనూ, కట్టెల పొగలోనూ, చుట్టూ ఉన్న గాలిలో కొద్దిగానూ ఉండే బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిస్తే సుద్ద అవుతుందని చెప్పాను. గోడకు వేసిన సున్నం గట్టిపడేది కూడా అందుకే. గోడ మీదికి ఎక్కాక సుద్ద కావాలి, అది గోడకు బలం. గుంతలో నీళ్ళు మూతలా అడ్డుపడి సున్నాన్ని సున్నంగానే కాపాడతాయి. ఇక్కడ మూత లేదు. తొట్టిలో పడకముందే సున్నం తన బలాన్ని గాలికి ఇచ్చేసింది. సుద్ద కూడా పులుపును కొంత విరుస్తుంది గానీ, బుడగలు కక్కుతూ సగం దారిలో ఆగిపోతుంది.

అతను గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. "అయితే నేనే కరాబ్ చేసిన" అన్నాడు. చేశావు, కానీ దొంగతనం చేయలేదు, ఆ రెండూ వేరు అన్నాను.

ప్రభాకరరావు గారికి టీ గ్లాసు చాలదు. ఆయనకు బరువు కావాలి. కనుక బరువుతోనే వెళ్ళాను. రసాయనశాస్త్రంలో మొదటి పాఠం ద్రవ్యనిత్యత్వ నియమం. పదార్థం పుట్టదు, పోదు, చోటు మారుతుంది. పొయ్యిలో మోపెడు కట్టెలు కాలి చారెడు బూడిద మిగిలితే తక్కిన బరువు పొగగా పోయిందే తప్ప మాయం కాలేదు. ఇనుప మేకు తుప్పు పడితే బరువెక్కుతుంది, ఆ పెరిగింది గాలి నుంచి వచ్చింది. కుప్ప పెరిగిందంటే ఏదో వచ్చి చేరిన మాట నిజమే, కానీ చేర్చింది మనిషే కానక్కర్లేదన్నాను. ఆయన విని, కథ బాగుంది, చూపించు అన్నారు. వారం గడువిచ్చారు. ఆ వారం బస్తాల పొడితో తొట్టి నడిచింది.

స్టోర్స్ నుంచి కొత్త గడ్డ ఆయన చేతే తీయించాను. దాన్ని తడిపి పొడిచేసి, నీటి తడి పోయేలా ఓవెన్‌లో ఆరబెట్టి, ఆయన ముందే తూచి రెండు భాగాలు చేశాను. ఒక భాగాన్ని సీసాలో నీళ్ళ కింద ఉంచి బిరడా బిగించాను. రెండోదాన్ని ఎనామెల్ పళ్ళెంలో పలచగా పరిచి, నీళ్ళు చిలకరించి, అదే షెడ్డులో జాలీ పెట్టెలో పెట్టాను. పెట్టెకు తాళం, తాళంచెవి ఆయన జేబులో. రోజూ ఆయన వచ్చి తాళం తీస్తే నేను నీళ్ళు చల్లి తిరగేసేదాన్ని. అంత పెద్ద ఆఫీసరు సున్నం పళ్ళేనికి కాపలా కాస్తున్నాడని ప్లాంటులో నవ్వుకున్నారు. నేనూ కొంచెం నవ్వుకున్నాను, పక్కకు తిరిగి.

వారం తర్వాత పళ్ళెం సున్నాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి తూచాం. పెరిగింది. ఆయన కనుబొమలు కూడా పెరిగాయి. అప్పుడు రెండో నియమాన్ని బయటికి తీశాను. పప్పులో ఉప్పు ఎవరి చేతి కొలది వారు వేసుకోవచ్చు, సుద్దలో మాత్రం పాళ్ళు మారవు. అది కోడిగుడ్డు పెంకైనా, కొండరాయైనా, మా షెడ్డులో తయారైనదైనా నూటికి యాభై ఆరు పాళ్ళు సున్నం, నలభై నాలుగు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. దీన్ని స్థిరానుపాత నియమం అంటారు. కనుక బరువు ఎంత పెరిగిందో తెలిస్తే ఎంత సున్నం సుద్దయిందో, ఎంత మిగిలిందో ముందే చెప్పవచ్చు. నేను లెక్క కట్టి, మిగిలి ఉండాల్సిన బలాన్ని లాబ్ గోడ మీది నల్లబల్లపై రాశాను. ఆ తర్వాతే టైట్రేషన్ మొదలుపెట్టాను.

చుక్కలు పడుతున్నంతసేపూ బల్ల మీది అంకె వైపు చూడటానికి జంకాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నియమాల మీద నమ్మకం లేక కాదు. ఒక మనిషి బతుకు ఆమ్లం చుక్కలు వదిలే బ్యూరెట్ గొట్టం చివర వేలాడుతున్నప్పుడు ఎంతటి నియమమైనా భయపెడుతుంది. రంగు మారింది. వచ్చిన అంకె, బల్ల మీది అంకె పక్కపక్కన నిలిచాయి. సీసాలో నీళ్ళ కింద ఉన్న సున్నం బలం దాదాపు చెక్కుచెదరలేదు.

ప్రభాకరరావు గారు రెండు అంకెల్నీ చూసి, మల్లయ్యను రేపటి నుంచి రమ్మని కబురు పంపుతానన్నారు. కబురు చాలదు సార్ అన్నాను. అన్న మాట ఎక్కడ అన్నారో అక్కడే తీసుకోవాలి, అప్పుడున్న జనం ముందరే. కబురు ఒక్క ఇంటికే చేరుతుంది, ఆ మాట ఇప్పటికే అన్ని గేట్లకూ చేరిందని చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. నా కుర్చీ చేతులు ఊడిపోయినట్టే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం షిఫ్టు మారేవేళ ఆయన గేటు దగ్గరికి నడిచి వచ్చారు. మల్లయ్యను పిలిపించి, అందరికీ వినపడేలా రెండే మాటలు చెప్పారు.

"మల్లయ్య సున్నం దొంగిలించలేదు. తప్పు నాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎక్కాల్సిన బస్సుల్ని వదిలేసి నిలబడి విన్నారు, అంతే. మల్లయ్య చేతులు జోడించి, "సార్, జెర ఒక గుంత తవ్వుకోనియ్యుండ్రి" అన్నాడు. మరుసటి వారం బాయిలర్‌కు దూరంగా, పైన మూతతో గుంత తయారైంది. టాంకర్లు తిరిగి రావడం ఆగింది. దసరాకు మల్లయ్య పర్మినెంట్ అయ్యాడు. నేను రిటైరయ్యేనాటికి ఆ విభాగంలో కొత్తవాళ్ళకు పని నేర్పేది అతనే.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. పరీక్ష ఏముందో చెబుతుంది, అది ఎలా వచ్చిందో చెప్పదు. సుద్ద ఉందని రాయడం కెమిస్ట్ పని. కానీ ఆ రిపోర్టు లాబ్ గడప దాటాక దాన్ని చదివేవాళ్ళు ఖాళీని తమకు తోచిన మనిషితో నింపుకుంటారు. అందుకే అప్పటినుంచి నేను రాసిన ప్రతి రిపోర్టులో ఫలితం కింద ఇంకో వరుస ఉండేది. ఇది ఏయే దారుల్లో వచ్చి ఉండవచ్చో, వాటిలో ఏ దారిని నేను ఇంకా పరీక్షించలేదో అందులో రాసేదాన్ని.