మా ఊరు టౌన్‌లో కలిసిన ఏడాది

కువైట్‌లోని సాల్మియాలో నేను వంట చేసే ఇల్లు ఒక ఇంగ్లండు టీచరమ్మది. అంతకుముందు కువైటీల ఇంట్లో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి అక్కడ ఇంటి యజమానురాలిని పిలిచే అలవాటు చొప్పున ఆమెనూ మామా అనే పిలిచేదాన్ని. ఒకరోజు నాచేత కేకు చేయించింది. పుట్టినరోజు ఎవరిదని అడిగితే, వాళ్ళ ఊరికి సిటీ హోదా వచ్చిందని చెప్పింది. వాళ్ళ రాణిగారి పట్టాభిషేక ఉత్సవాల సందర్భంగా చాలా ఊళ్ళు అర్జీలు పెట్టుకున్నాయట, కొన్నింటికే దక్కిందట.

దానివల్ల ఏమొస్తుందని అడిగాను. ఏమీ రాదంది. కొత్త నిధులు లేవు, కొత్త అధికారాలు లేవు. చెత్త ఎత్తించేదీ, ఇళ్ళు కట్టుకోవడానికి అనుమతులిచ్చేదీ ఎప్పటిలా జనం ఎన్నుకున్న కౌన్సిలే. మెడలో గొలుసు వేసుకుని రిబ్బన్లు కత్తిరించే మేయరు ఉంటాడు గానీ, పెత్తనమంతా కౌన్సిల్లో ఎక్కువ బలమున్న నాయకుడిది. వట్టి పేరుకే ఇంత సంబరమా అని నాకు నవ్వొచ్చింది. కేకు మాత్రం బాగా కుదిరింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మా ఊరిని పక్కనున్న మున్సిపాలిటీలో కలుపుతారని కబురొచ్చింది. శుక్రవారం సెలవునాడు ఇక్కడే అబ్బాసియాలో ఉండే మా పెదనాన్న కొడుకు గదికి పోతే కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఊళ్ళో రోడ్డు పక్కన ప్లాట్లు కొన్నవాళ్ళు రేట్లు పెరుగుతాయని బిర్యానీ తెప్పించారు. నాకూ అక్కడ ఒక ముక్క ఉంది. నేనూ రెండోసారి వడ్డించుకున్నాను.

ఆ సంతోషంలోనే అక్కకు ఫోన్ చేశాను. బావ పోయినప్పటి నుంచి అక్క ఉపాధి పనికి పోయి బతుకుతోంది.

"టౌన్లో కలిస్తే ఉపాధి పని పెట్టరంటమ్మీ. అది పల్లెలకేనంట," అంది.

నాకు ఆ సంగతే తట్టలేదు. ఫోన్ పెట్టేసి పెదనాన్న కొడుకైన అన్నకు చెప్పాను.

"దానికేముంది మేయ్, నువ్వు పంపిస్తావు గదా," అన్నాడు.

పండక్కి చీర తప్ప అక్క నా దగ్గర ఏదీ తీసుకోదని ఆయనకూ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. "మీ ప్లాట్లకు రేటొచ్చేదానికి మా అక్క కూడు పోవల్లనా?" అని అరిచాను. నా ప్లాటు సంగతి ఎవరైనా ఎత్తేలోపు చెప్పులేసుకుని వచ్చేశాను.

గ్రామసభలో అక్క, ఆమెతో పనికి పోయే ఆడవాళ్ళు లేచి వద్దన్నారట. పెద్దలు సరే సరే అన్నారట. అయినా ఊరు కలిసిపోయింది. పని ఆగిపోయింది. మేస్త్రీల వెంట టౌనుకు పోయినా, ఈ వయసులో ఇటుకలేం మోస్తావని అక్కను వెనక్కి పంపేవాళ్ళట.

ఒకరోజు తనే ఫోన్ చేసింది.

"అమ్మీ, మీ మామాకు తెలిసిన ఇండ్లల్లో యాడన్నా పనుంటే సూడు. నేనూ కువైట్‌కు వస్తా."

మా ఇంట్లో ఇంకొకరు పరాయి వంటింట్లో బతకాల్సిన పని లేకుండా నేనొక్కదాన్ని వచ్చానని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. "నీకు పాస్‌పోర్టు కూడా లేదు గదక్కా," అన్నాను.

"మొన్ననే వచ్చింది," అంది.