పదో దినం చీర

ఎండాకాలం ఆదివారం సాయంత్రం నల్లగొండ గడియారం దగ్గర అమ్మా నేనూ బస్సు దిగాం. బట్టల దుకాణం అక్కడికి నాలుగు అడుగులే. అమ్మ మాత్రం బజారు చూడ్డానికి వచ్చినదానిలా నడిచింది. ముంజల బండి దగ్గర ఆగి లేతవేనా అని అడిగింది, కొనలేదు. స్టీలు సామాన్ల ముందు నిలబడి ఒక గిన్నెను తిప్పి తిప్పి చూసింది. చెరుకురసం తాగుదామంటే తాగాం. తియ్యగా ఉందో చప్పగా ఉందో నాకు తెలియలేదు. బావ పోయినప్పటి నుంచి నా ఒళ్లు నాది కానట్టే ఉంది. ఏడుపు రాలేదు. ఎవరైనా పరామర్శకొస్తే విసుగు మాత్రం వచ్చేది.

మరునాడు చిట్యాలలో, చెల్లెలి ఇంట్లో, బావ పదో దినం. భర్త పోయిన బిడ్డకు ఆ రోజు తల్లిగారింటివాళ్లు కొత్త చీర పెట్టాలి. అన్నను కాబట్టి కొనాల్సింది నేను. తెల్లదే తెమ్మని చెల్లెలి అత్త కబురు పంపింది. చెల్లెలు ఫోన్‌లో ఒక్కటే మాట అన్నది.

"అన్నా, నాకు తెల్లచీర తేకు."

అమ్మకు ఆ సంగతి బస్సులో చెప్పాను.

ఎండ తగ్గేకొద్దీ బజారు నిండింది. పెళ్లిళ్ల కాలం. జనం రాసుకుంటూ పోతుంటే ఒళ్లు మండి, ఇంకెంతసేపు ఈ తిరుగుడని అమ్మను కసిరాను. దుకాణం వైపు కాళ్లు రావడం లేదని ఆమె నెమ్మదిగా అన్నది. ఇద్దరం ఇంకో చుట్టు తిరిగాం.

దుకాణంలో చీరలు చూపించే అమ్మాయి, పెళ్లికా అని అడిగింది. ఆడబిడ్డకు పెడుతున్నామన్నాను. అబద్ధమేం కాదు. ఆమె సంబరంగా రంగులన్నీ పరిచింది. అమ్మ అన్నింటినీ తడిమింది, దేన్నీ ఎంచలేదు. చివరికి నేనే ఒక చిలకపచ్చ చీర పక్కకు తీశాను. నచ్చి కాదు, తెల్లది కాదు గనుక. అత్త రేపు ఎన్ని మాటలంటుందోనని అమ్మకు భయం.

ఇంటికొచ్చాక అమ్మ అలవాటుకొద్దీ పసుపు డబ్బా తీసింది. ఏ కొత్తబట్టయినా కొసకు పసుపు పెట్టందే మా ఇంట్లో ఎవరం కట్టం. వేలికి పసుపు అంటుకున్నాక ఆగిపోయింది. భర్త పోయినదాని చీరకు పసుపు పెట్టరు.

"పెట్టాల్నా వద్దా, బిడ్డా?"

"పెట్టమ్మా. మన పిల్లే గదా."

మరునాడు అందరి ముందు చీరను చెల్లెలి ఒళ్లో పెట్టాను. రంగు చూసి అత్త మూతి తిప్పుకుంది. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. చెల్లెలు అవేవీ పట్టించుకోలేదు. దాని చేతులు మడతల్లో వెతుకుతున్నాయి. పసుపు కొస దొరకగానే, అత్త చూడకుండా గబుక్కున మడిచి పిడికిట్లో బిగించుకుంది.

ఆ పిడికిలి చూశాక నాకు ఏడుపొచ్చింది.