గెలిచిన జట్టు మీద పందెం కాసి ఓడిపోయాను

సౌదీలో కుటుంబాన్ని ఉంచుకుంటే తలకింత అని వసూలు చేసే ఫ్యామిలీ లెవీ కట్టలేక భార్యాపిల్లల్ని కరీంనగర్ పంపాక, జుబైల్‌లో ఫిట్టర్ రాజన్నతో గది పంచుకుంటున్నాను. ఈ రోజు ఫుట్‌బాల్ మ్యాచ్ మీద పందెం వేసుకున్నాం. ఓడినవాడు వారమంతా వండాలి. హ్యాండిక్యాప్ అంటే ఏమిటో అతనికి పావుగంట పాఠం చెప్పాను. నా జట్టు బలమైనది కాబట్టి, దాని గోల్స్‌లోంచి ఒకటిన్నర తీసేసి లెక్కపెట్టాలన్నాను.

నా జట్టు ఒకటి–సున్నాతో గెలిచింది. నేను లేచి గంతులేశాను.

రాజన్న చాయ్ తాగుతూ, "సారూ, ఒకట్లకెళ్లి ఒకటిన్నర తీస్తే ఏం మిగుల్తది? వంట మీదే" అన్నాడు.

పప్పులో చింతపండు ఎప్పుడు వేయాలో అడగడానికి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ అంతా విని, "వారమంతా మీరు వండుతరా? అయితే ఓడింది రాజన్ననే" అంది.

రాజన్న తినగలిగే వంట ఏదైనా తెలిస్తే కామెంట్లో రాయండి.