కుడి చేతి వాచీ

కంప్యూటరు ఒక పేజీని తెరవనని చెప్పేటప్పుడు చిన్న శబ్దం చేస్తుంది. స్టీలు చెంచా గచ్చు మీద పడితే వచ్చేంత శబ్దం. అచ్యుతాపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో అది రోజుకు పదిసార్లయినా వినబడుతుంది, ఎవరూ తలెత్తి చూడరు. మొన్న మంగళవారం పక్క బల్ల దగ్గర శ్రీనివాసు ఏదో ప్రభుత్వ పేజీ తెరుస్తుంటే అదే శబ్దం వచ్చింది. తెర నిండా హెచ్చరిక. అతను దాన్ని చదవకుండానే మూసేసి, "మేడమ్, ఆ సెక్యూరిటీ ఏటో తగ్గించీండి, పేజీ వచ్చీస్తాది," అన్నాడు. నాకు నోరంతా చేదయింది. "ముందు చదువు. ఏం రాసుందో పైకి చదువు," అన్నాను. ఆ మాట నేను వన్ టౌన్‌లో ఒక ఇరుకు గదిలో నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే మర్యాదగా చెప్పినట్టే. జనం ముందు తల దించుకుని విన్నాను. అన్న మనిషి దేవసహాయం గారు.

ఆయన గురించి మీరెవరూ విని ఉండరు. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో చాలా ఏళ్లు గుమాస్తాగా చేసి, అది మూతబడ్డాక హోల్‌సేల్ కొట్ల సందులో ఆన్‌లైన్ సెంటరు పెట్టుకున్నారు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, బయట ఒక బెంచీ. హార్బర్లోనూ స్టీలు ప్లాంటులోనూ కాంట్రాక్టు పనులు చేసేవాళ్ల కాగితాలను ఒక ప్రభుత్వ శాఖ సైటులో ఎక్కించడానికి ఆయన పేరు మీద లాగిన్ ఇచ్చారు. ఆ సందులో అలాంటి లాగిన్ ఉన్నది ఆయనకొక్కరికే. దాని మీదే ఆ కొట్టు, దాని మీదే ఇల్లు. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు తప్ప ఆ కొట్టు మూసేవారు కాదు. నేను ఎలమంచిలి నుంచి పొద్దున ప్యాసింజరులో వచ్చేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. అచ్యుతాపురంలో ఏదైనా కంపెనీ ఆఫీసులో ఉద్యోగం దొరకాలంటే ఎక్కడైనా పనిచేసినట్టు కాగితం కావాలి, ఆ కాగితం కోసమే ఆయన దగ్గర చేరాను.

మొదటి రోజే అయింది నా పని. ఒక పేజీ తెరుస్తుంటే చిన్న పెట్టె ఒకటి వచ్చింది, నేను సరే అని నొక్కేశాను. పేజీ తెల్లగా నిలబడిపోయింది. ఆయన తన కుర్చీలోంచే అడిగారు.

"ఏటి నొక్కేవమ్మా?"

"తెలీదు సార్, ఏదో బాక్సొచ్చింది."

"ఆ బాక్స్ నిన్నేటో అడిగింది. సదవకుండా సరే అన్నావు. మల్లీ తెరువు. పైకి సదువు, అందరూ ఇంటారు."

బెంచీ మీద ఏడెనిమిది మంది ఉన్నారు. వచ్చీరాని ఇంగ్లీషులో, ఒకటో తరగతి పిల్లలా, ఆ హెచ్చరికంతా గొంతెత్తి చదివాను. ఎవరూ నవ్వలేదు గాని, నవ్వి ఉంటే బాగుండుననిపించింది. ఆ రోజు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆయనంటే కోపం అప్పుడే మొదలైంది, ఆ తర్వాత ఎన్ని మంచి పనులు చూసినా పూర్తిగా పోలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన దానికి ఆ కోపం కూడా ఒక కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

మంచి పనులు లేవని కాదు. ఒకసారి అప్పన్న అనే హార్బరు కూలీ వచ్చాడు. పక్క సందులోని సెంటర్లో మూడు రోజులుగా అతని కాగితాలు ఎక్కిస్తున్నారట, రసీదు మాత్రం రావడం లేదట. మూడు రోజుల కూలీ పోయింది. దేవసహాయం గారు తెర పైన మూలలో చిటికెన వేలి గోరంత గుర్తును చూపించారు. రసీదు చిన్న కిటికీలా విడిగా తెరుచుకోవాలి, దాన్ని బ్రౌజరు ఆపేస్తోంది. "పేజీ తన పని తాను సేత్తంది. మనమే దాన్ని కనబడనివ్వట్లేదు," అన్నారు. ఆ ఒక్క సైటుకే అనుమతి ఇవ్వగానే మూడు రోజుల నుంచీ రావలసిన రసీదు వచ్చింది. అప్పన్న చేతులు జోడిస్తే, "నాకు దండాలెందుకు. రేపట్నుంచి పన్లోకి ఎల్లు," అని విసుక్కున్నారు. మెత్తగా మాట్లాడటం ఆయనకు చేతనయ్యేది కాదు.

అప్పట్లో ప్రభుత్వ సైట్లు చాలావరకు ఒక పాత బ్రౌజరులోనే తెరుచుకునేవి. ఆ బ్రౌజరుకేమో అవంటే నమ్మకం లేదు. సైటు చిరునామాను నమ్మదగిన వాటి జాబితాలో చేర్చాలి, ఒకటి రెండు సెక్యూరిటీ సెట్టింగులు దించాలి, పని అయ్యాక మళ్లీ ఎక్కించాలి. సందులోని మిగతా సెంటర్లవాళ్లు పొద్దున్నే అన్నీ అడుక్కి దించేసి హాయిగా కూర్చునేవారు. దేవసహాయం గారు ఒప్పుకునేవారు కాదు. దించిన సంగతి మరిచిపోకుండా ఆయనకొక పద్ధతి ఉండేది. సెట్టింగు దించే ముందు ఎడమ చేతి వాచీ తీసి కుడి చేతికి పెట్టుకునేవారు. ఎక్కించాక తిరిగి ఎడమ చేతికి. నాకూ అదే అలవాటు చేయించారు. డిగ్రీ పాసైనప్పుడు మా నాన్న కొనిచ్చిన సన్న పట్టీ వాచీ నాకొకటి ఉండేది.

"కుడి చేతికి పెట్టుకుంటే పెన్ను పట్టుకోడానికి అడ్డొస్తోంది సార్," అన్నాను ఒకసారి.

"అడ్డు రావాలమ్మా. ఎడం సేతికుంటే తలుపేసున్నట్టు, కుడి సేతికుంటే తలుపు తీసున్నట్టు. అడ్డొస్తేనే గుర్తుంటాది."

ఏదో కాగితాలకు ఆఖరు తేదీ వచ్చింది. బెంచీ చాలక జనం సందులో నిలబడ్డారు. ఆ రోజు సైటు ఒక చిరునామాలో మొదలై ఇంకో చిరునామాకు పోతోంది, ప్రతిదాన్నీ జాబితాలో చేర్చాలంటే మనిషికి పావుగంట పడుతోంది. దేవసహాయం గారు తన కంప్యూటరు ముందు తలెత్తకుండా ఉన్నారు. నేను వాచీ కుడి చేతికి మార్చుకుని, ఆ ఒక్క సైటుకని కాకుండా మొత్తం అన్ని సైట్లకూ సెట్టింగులు అడుక్కి దించేశాను. పని పరుగెత్తింది. రెండింటికి అన్నం డబ్బా తెరిచాను. కుడి చేతికి వాచీ ఉంటే అన్నం కలపడం ఎలా? తీసి డబ్బా పక్కన పెట్టాను. తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, పాత అలవాటు కొద్దీ ఎడమ చేతికి పెట్టుకున్నాను. సాయంత్రం కొట్టు మూసే ముందు దేవసహాయం గారు నా మణికట్టు వైపు చూశారు. వాచీ ఎడమ చేతికే ఉంది. తాళం తీసుకుని లేచారు.

అంతే జరిగింది. ఆఖరు తేదీ దాటాక ఆ సెట్టింగులు తెరవాల్సిన పనే నాకు పడలేదు. ఆ తర్వాత రోజుల్లో ఎవరెవరి హాల్ టికెట్ల కోసమో, ఫలితాల కోసమో నా కంప్యూటర్లో ఎన్నెన్ని పేజీలు తెరిచానో గుర్తులేదు. ఏ పేజీలోంచో పాస్‌వర్డులు ఎత్తుకుపోయే వైరస్ ఏదో లోపలికి వచ్చింది. రావచ్చునా అని అడగాల్సిన పెట్టె అడగలేదు, అడగొద్దని చెప్పింది నేనే గనుక. పది రోజుల తర్వాత ఒక సాయంత్రం ఆ శాఖ నుంచి ఫోన్ వచ్చింది. దేవసహాయం గారి లాగిన్‌తో ఎవరో దొంగ కాగితాలు ఎక్కించారు, లాగిన్ ఆపేశాం, రేపు పొద్దున వచ్చి కలవమన్నారు.

మర్నాడు నేను వచ్చేసరికే ఆయన కొట్టు తెరిచి ఉంచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, "నాను ఆఫీసుకెల్లొస్తాను. నువ్వు కూకో," అని మాత్రం అన్నారు. ఆయన సందు మలుపు తిరిగాక సెట్టింగులు తెరిచి చూశాను. అన్నీ అడుగునే ఉన్నాయి. అన్నం డబ్బా, తీసిన వాచీ, అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. అన్నిటినీ పైకి ఎక్కించేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఆయన తిరిగొచ్చి మంచినీళ్లు తాగి, నా ఎదురుగా స్టూలు వేసుకున్నారు.

"ఆఖరు తేదీ రోజున వాచీ మార్చేవా?"

"మార్చాను సార్."

"మల్లీ ఎడం సేతికి పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను సార్."

రెండూ నిజాలే. ఇంత పచ్చి అబద్ధం నేను జీవితంలో ఇంకెప్పుడూ ఆడలేదు. ఆయన తర్వాత ఆఫీసరు చెప్పింది చెప్పారు. ఎలా జరిగిందో మూడు రోజుల్లో రాసివ్వాలి. పనిచేసే మనిషి తప్పయితే పేరు రాయాలి, ఆ మనిషిని ఇలాంటి పనుల్లోకి ఎవరూ తీసుకోకుండా చేస్తారు, విచారణ అయ్యాక లాగిన్ తిరిగి ఇస్తారు. సొంత తప్పయితే లాగిన్ ఇక ఎప్పటికీ రాదు. చెప్పి లేచి, ప్రింటరు మీద గుడ్డ కప్పారు. ఆ మూడు రోజులూ నేను మానకుండా పనికి వచ్చాను. నోరు తెరవలేదు. అచ్యుతాపురం నుంచి ఇంటర్వ్యూ పిలుపు అప్పటికే నా సంచీలో ఉంది.

నాలుగో రోజు ఆయన తన తప్పేనని రాసిచ్చారు. నెల తిరక్కుండా బెంచీ అమ్మేశారు, కంప్యూటర్లు ఎవరో పట్టుకుపోయారు. ఆయన సాయం పొందినవాళ్లు ఎందరో ఆ సందులోనే తిరుగుతూ, దేవసహాయం దొంగ కాగితాలు ఎక్కించాడంట అని చెప్పుకున్నారు. అది నా చెవులతో విన్నాను, అప్పుడూ మాట్లాడలేదు. ఆయన నాకు కాగితం మాత్రం రాసిచ్చారు. జాగ్రత్తగా పనిచేస్తుందని అందులో ఉంది. ఆ మాటతోనే ఈ ఉద్యోగం వచ్చింది.

ఆయన మంచం పట్టారని తెలిసి, చాలా ఏళ్లకు వన్ టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాను. భార్య మరియమ్మ గారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. అన్నం డబ్బాతో సహా. ఏళ్ల తరబడి మోసిన బరువు దిగుతుందని, నిజం చెప్పొద్దూ, అందుకే వెళ్లాను.

"తెలుసమ్మా," అన్నారు. "ఆఫీసుకెల్లిన రోజు పొద్దున్నే నీ సిస్టమ్ సూసే ఎల్లేను. సెట్టింగులన్నీ అడుగునున్నాయి. సాయంత్రం వచ్చి నువ్వెల్లిపోయాక మల్లీ సూసేను. పైకెక్కున్నాయి. మద్దిలో ఆ కుర్సీలో కూకున్నది నువ్వొక్కర్తివే."

"మరి నా పేరెందుకు రాయలేదు సార్?"

"నువ్వు సెప్తావని మూడ్రోజులు సూసేను. సెప్పుంటే నీ పేరు లేకుండా, లాగిన్ పోకుండా ఏదోటి రాద్దునేమో. సెప్పకపోతే ఇంక నీ పేరు రాయబుద్ధి కాలేదు." గోడ వైపు తిరిగారు. "ఇప్పుడు సెప్తే ఏటవుతాది. ఎల్లు, రైలు టైమయిపోతాది."

మరియమ్మ గారు తెచ్చిన టీ తాగకుండా వచ్చేశాను. రెండు నెలలకు ఆయన పోయారు. క్షమించానని అనలేదు, అనకుండా పోయినందుకు ఇవాళ్టికీ ఆయన మీద కోపం వస్తుంది. వెంటనే ఆ కోపానికి నాకేం హక్కుందని సిగ్గేస్తుంది.

మంగళవారం శ్రీనివాసు ఆ హెచ్చరికను పైకి చదివాడు, తప్పులు పోతూ, ముఖం ఎర్రబడుతూ. ఆ ఒక్క సైటుకే అనుమతి ఎలా ఇవ్వాలో చూపించాను, పని కాగానే ఎదురుగా నిలబడి తీయించాను. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే అతను నా చేతి వైపు చూసి, "మేడమ్, మీరు వాచీ కుడి సేతికి పెడతారేటి? పట్టీకి పప్పంటుకుంటంది," అన్నాడు. ఆయన మంచం దగ్గర్నుంచి తిరిగొచ్చిన రోజు నుంచీ అది ఆ చేతికే ఉంది, అన్నానికి కూడా తియ్యను.

అలవాటని చెప్పాను. అదీ అబద్ధమే. అలవాటే అయితే ముద్ద ముద్దకీ ఇంత అడ్డు రాదు.