శాంతక్క చప్పట్లకు సరిపోయిన దరువు

పెళ్లిళ్లలో పాటలు పెట్టే శీనన్నా, నిన్న నేను చేసిన డీజే పాట విని "గిది పాటనా, పిండి గిర్ని చప్పుడా? ఆదివారం పెండ్లిల పెట్ట పో" అన్నావు. కంప్యూటర్‌లో కొట్టిన దరువు మనుషులను ఆడించదన్నావు. నేను ఒప్పుకోను. ఇవాళ కళ్లారా చూశాను.

సాయంత్రం పెద్దవంగర దగ్గరి లంబాడీ తండాకు వెళ్లి, ఆ పెళ్లిలో ఆడబోయే శాంతక్కకు పాట వినిపించాను. ఆడవాళ్లంతా గుండ్రంగా నిలబడి మొదలుపెట్టారు. కాసేపటికే ఆగిపోయి, వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు.

"ఏమైందక్కా?"

"మేం వంగి లేసి చప్పట్లు కొడ్తం తమ్మి. నీ పాట వంగనిస్తలేదు, ఎనుకవడి తరుముతున్నది."

పాట ఆపి, ఊరికే ఆడమన్నాను. వంగి లేచేసరికి వాళ్ల చప్పట్లు రవ్వంత ఆలస్యంగా పడుతున్నాయి, అయినా అందరివీ ఒక్కసారే. నేనేమో దెబ్బలన్నీ సమాన దూరంలో పేర్చి, అదే గొప్ప అనుకున్నాను. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి స్వింగ్ పెంచాను, అంటే ప్రతి రెండో దెబ్బను కొంచెం ఆలస్యంగా పడేట్టు జరిపాను. వాళ్ల చేతులు చూస్తూ, చప్పట్లతో కలిసేదాకా జరిపాను.

ఈసారి ఎవరూ ఆగలేదు. ఏది చప్పట్లో ఏది దరువో తెలియలేదు. ఆడుతూనే శాంతక్క అంది: "గిప్పుడు జర మనిషి లెక్క కొడ్తున్నది."

ఎంత అందంగా ఆడారో వీడియో కింద ఉంది. చూసినవాళ్లంతా చెప్పండి, ఇది గిర్ని చప్పుడేనా? శీనన్నా, ఆదివారం పెడతావా, పెట్టవా? మళ్లీ వేయమని అక్క పిలుస్తోంది, పోవాలి.