ఫిజీ విమానం కోసం ఎదురుచూస్తూ

ఫిజీలో పనిచేస్తున్న స్నేహితుణ్ణి చూడడానికి మా ఊరు పార్సిప్పనీ నుంచి బయల్దేరి, లాస్ ఏంజిలస్ ఎయిర్‌పోర్ట్‌లో విమానం మారడానికి ఆగాను. ఫోన్లో వాడితో ఫిజీ బీచ్‌ల గురించి తెలుగులో మాట్లాడుతుంటే పక్క సీట్లోని పెద్దావిడ గుర్రుగా చూసింది.

“ఎందుకు పోతావు అక్కడికి?” అంది తడబడే తెలుగులో. ఆవిడ తాతలు చెరకు తోటల్లో కూలికి ఫిజీ వెళ్లిన తెలుగువాళ్లట. “గవర్నమెంట్‌ని పడగొట్టిన గొడవల్లో మా షాప్ తగలబెట్టారు. అక్కడి మూలవాసులే, మాకు తెలిసినోళ్లే. ఆ దిగులుతో మా పెనిమిటి పోయాడు. నీకు బీచ్ కావాలా?”

“అంత పాడు దేశమా ఆంటీ!” అన్నాను ఓదార్పుగా.

ఆవిడ మొహం ఎర్రబడింది. “పాడు దేశమా? అనడానికి నువ్వెవరు? నేను పుట్టింది అక్కడ. ఏటా పోతాను. నోరు ముయ్!”

సంచీ తీసుకుని దూరంగా వెళ్లి కూర్చుంది.

బోర్డింగ్ మొదలైంది. టికెట్లు చూస్తున్న యువకుడు ఫిజీ మూలవాసి. ఆవిడ అతనితో వాళ్ల భాషలోనే ఏదో అని గలగలా నవ్వింది. వెనక నిలబడ్డ నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

స్నేహితుడి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ దేశం గురించి మంచీ చెడూ ఏమీ అనలేకపోయాను.