గాలి లేని రాత్రి తిరిగిన ముల్లు

మా అమ్మ మీద ఒట్టు... మీరు నమ్మకపోయినా నాకు పర్లేదు. గిలకలదిండి హార్బరులో, నా ఈ కళ్లతో చూశాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను బందరులో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాణ్ణి. బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్న రంగారావు గారు సరదాకి ఒక తెరచాప బోటు కొన్నారు. తెరచాప కొయ్య చిట్టచివర గాలికి తిరిగే తోక, అక్కణ్ణుంచి ఒక వైరు, కింద డయల్లో ముల్లు. గాలి ఎటు నుంచి వస్తే ముల్లు అటు చూపిస్తుంది. బిగించింది నేనే.

పూజ రోజు దిష్టి నిమ్మకాయలు కొయ్య చివరే కట్టాలన్నారాయన. మా ఏసోబు బావ ఎక్కాడు. సొంత బావ కాదు, అంతకన్నా ఎక్కువ. కట్టి, దిగబోతూ పడ్డాడు... మళ్లీ లేవలేదు. తాగి ఎక్కాడని, నడుముకు కట్టిన తాడు తనే విప్పుకున్నాడని రంగారావు పోలీసులకు చెప్పాడు. ఏసోబు చుక్క ముట్టేవాడు కాదు! ఇక ఆయన్ని నేను గారు అనను.

నెల తిరక్కుండానే కబురు పెట్టాడు. "ముల్లు పిచ్చిగా తిరుగుతోందయ్యా. పొద్దున్నే బోటు కొనేవాళ్లొస్తున్నారు, కాస్త చూడు."

వెళ్లాను. బాగుచేయడానికి కాదు. వాడి నోటితోనే నిజం కక్కించాలని.

చీకటి పడింది. బోటు మీద నేనూ, వాడూ. పిసరంత గాలి లేదు. పైకి టార్చి వేశాను. నిమ్మకాయల దారం తోకకు చుట్టుకుని బిగుసుకుపోయింది. ఎండిన మిరపకాయలు కదలకుండా వేలాడుతున్నాయి. ఆ తోక తిరిగే వీల్లేదు.

కింద ముల్లు తిరుగుతోంది.

టిక్... టిక్...

రంగారావు ఎడమకి జరిగాడు. ముల్లు ఎడమకి. కుడికి వచ్చాడు... కుడికి. వైరు పీకేశాను. మీటరు పెట్టి చూశాను, కరెంటు లేదు.

టిక్... మళ్లీ వాడి వైపే.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు వాడు.

"ఆ రోజు తాడు కట్టించారా అండీ?" అన్నాను. సిగ్గులేకుండా చెబుతున్నా... వాడు వణుకుతుంటే నాకు హాయిగా ఉంది.

"లేదయ్యా... ముహూర్తం దాటిపోతోందని తొందరపెట్టాను. అతను తాగలేదు. పొద్దున్నే స్టేషన్‌కెళ్లి చెప్పేస్తాను..."

ముల్లు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను.

టిక్.

నెమ్మదిగా... వాణ్ణి వదిలేసి... చుట్టూ తిరిగి... నా వైపుకొచ్చి ఆగింది. పక్కకి జరిగాను. నాతో పాటే జరిగింది.

ఆ రోజు కొయ్య కింద నేనూ ఉన్నాను. ఏసోబు తాడు తెమ్మని అడిగింది నన్నే. "ఎన్నిసార్లు ఎక్కలేదు బావా, ఎక్కేయ్. ఆలస్యమైతే మళ్లీ ఆయన అరుస్తాడు" అన్నాను.

డయల్లో ఉప్పుతేమ చేరిందేమో... ఇంకేమిటో... ఇప్పటికీ తెలియదు. రంగారావు మాత్రం పొద్దున్నే స్టేషన్‌కెళ్లాడు. నేను వెళ్లలేదు. ఇన్నేళ్లకి చెబుతున్నాను, అదీ మీకు.